పెద్దమ్మ వినాల్సిన చప్పట్లు

మా వైపు మనుషులు హైదరాబాదు చూడ్డానికి వెళితే హైదరాబాదును చూసి రారు. హైదరాబాదులో ఉన్న మా వైపు మనుషులను చూసి వస్తారు. తిరిగొచ్చాక ఎవరైనా చార్మినార్ ఎలా ఉందని అడిగితే "బస్సులోంచి కనిపించిందండి, బాగానే ఉంది" అనేసి, ఫలానా వారి అమ్మాయి కూకట్‌పల్లిలో కట్టుకున్న ఇంటి గురించి మొదలుపెడతారు. వంటగదిలో గట్టుకి ఏ రాయి వేశారో, బాల్కనీలో కరివేపాకు ఎంత ఎత్తు ఎదిగిందో కూడా చెబుతారు. ఇదంతా నవ్వులాటకి రాస్తున్నానని అనుకోవద్దు. ఈ అలవాటు మీద నాకు చాలా ఏళ్ళుగా కోపం ఉంది. మా పెద్దమ్మ జీవితంలో తనకోసం కోరుకున్న ఒకే ఒక్క సరదా ఈ మర్యాదల కింద పడి నలిగిపోయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ద్రాక్షారామం నుంచి యానాం వెళ్ళే దారిలో, కాలవ పక్కనున్న మా ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు. పెళ్ళయిన కొన్నేళ్ళకే పెదనాన్న పోయారు. పిల్లలు లేరు. చర్చికి రెండిళ్ళ అవతల ఒక పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. మా ఇల్లు పక్క వీధే కాబట్టి నేను సగం అక్కడే పెరిగాను. ఆ బడిలోనే చదువుకున్నాను కూడా. గేటు దాటి లోపలికి వెళితే ఆవిడ పెద్దమ్మ కాదు, టీచరు. ఒకసారి మర్చిపోయి "పెద్దమ్మా" అని పిలిచినందుకు గోడవైపు తిప్పి నిలబెట్టింది. సాయంత్రం ఇంటికెళ్ళాక తనే బెల్లం ముక్క చేతిలో పెట్టి, "బడిలో పెద్దమ్మలుండరు" అంది.

ఆవిడవి పాము చెవులు. బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే, చివరి వరసలో గుసగుసలాడేది ఎవరో పేరు పెట్టి చెప్పేది. క్లాసులో గోల ఎక్కువైతే అరిచేది కాదు. బోర్డు వైపే నిలబడి సుద్దముక్క ఎడమ చేతిలోకి మార్చి, రెండు చేతులూ ఒక్కసారి చరిచేది. అంతే, పిల్లలందరి నోళ్ళూ మూతపడేవి. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు గుర్తుంది. ఎండుకొమ్మ విరిచినట్టు ఉండేది.

నాలుగో తరగతి పుస్తకంలో గోల్కొండ కోట మీద ఒక పాఠం ఉండేది. పెద్దమ్మ దాన్ని గది బయటే చెప్పేది. పిల్లల్ని బోరింగు దగ్గర నిలబెట్టి, తను గేటు దగ్గరకెళ్ళి చప్పట్లు కొట్టి, వినిపించిందా అని అడిగేది. వినిపించిందని అరిచేవాళ్ళం. "ఇది ఇంత దూరమే. అక్కడ కోట గుమ్మం దగ్గర గుమ్మటం కింద నిలబడి కొడితే ఎక్కడో కొండ మీదున్న కాపలావాళ్ళకి వినిపిస్తుంది. కింద వచ్చింది శత్రువో చుట్టమో వాళ్ళకి ముందే తెలిసిపోతుంది" అనేది. ఆ పాఠం రోజు ఇంటికెళ్ళేదాకా ఊరంతా చప్పట్లే.

ఇది జరిగింది ఆవిడ ఉద్యోగంలో ఆఖరి సంవత్సరం. వచ్చే వేసవికి రిటైరవుతుంది. జూన్‌లో పుస్తకాలు పంచిన రోజే ఒక పిల్ల బొమ్మలు తిరగేస్తూ గోల్కొండ పేజీ దగ్గర ఆగిందట.

"టీచర్, మీరు విన్నారాండి?"

"లేదమ్మా."

"మరి నిజమని ఎలా తెలుసండి?"

"పుస్తకంలో రాశారు కదా."

"పుస్తకం రాసినాయన విన్నారాండి?"

పిల్లలంతా నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. ఆ రాత్రి మా ఇంట్లో భోజనం చేస్తూ ఈ సంగతి చెప్పి, "ఇన్నేళ్ళ నుంచి ఎవరో చెప్పిందే చెబుతున్నానే. ఏసుప్రభువుని చూశావా అని ఎవరైనా అడిగితే విశ్వాసమని చెప్పొచ్చు. గోల్కొండకి ఏం చెప్పను? రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు" అంది. మర్నాడు బడికెళ్ళి క్లాసుకి మాటిచ్చేసింది. దసరా సెలవుల్లో గోల్కొండ ఎక్కి, తన చెవులతో విని వచ్చి అప్పుడు ఆ పాఠం చెబుతుంది. అప్పటిదాకా ఆ పేజీ ఎవరూ తిప్పకూడదు.

తోడుగా నన్ను తీసుకెళ్తానంది. నేనప్పుడే ఇంటర్లో చేరాను. పథకం కూడా చాలా సులువు. నేను కింద గుమ్మటం దగ్గర నిలబడాలి. ఆవిడ పైకెక్కి, కొంగు ఊపాలి. నేను కొట్టాలి. ఆవిడ వినాలి. అంతకన్నా ఏమీ లేదు.

కానీ మా ఊళ్ళో ఒక మనిషి హైదరాబాదు వెళ్తోందంటే అది ఒక్క మనిషి ప్రయాణం కాదు. కబురు తెలిసిన దగ్గర్నుంచి సాయంత్రమయ్యేసరికి పెద్దమ్మ అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునేవారు.

"మా చెల్లెలిది మలక్‌పేటండి టీచరుగారూ. మీరు వెళ్ళే దారిలోనే. ఈ ఆవకాయ జాడీ ఇచ్చేసి, ఒక్క కాఫీ తాగి వచ్చేయండి."

"మా పెద్దాడు వనస్థలిపురంలో ఉంటున్నాడండి. అదీ దారిలోనేనంట. కోడలు నీళ్ళోసుకుంది. మీరోసారి చూసి, ప్రార్థన చేసి వస్తే ధైర్యంగా ఉంటదండి."

హైదరాబాదు ఎంత ఉంటుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరి ఇళ్ళూ గోల్కొండకి దారిలోనే ఉన్నాయి. పెద్దమ్మకి కాదనడం రాదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, ఆవిడ ముందు అనకూడనిది. అందుకని ఊరుకున్నాను. వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్ళకూడదు కాబట్టి తాపేశ్వరం మనిషిని పంపించి కాజాలు తెప్పించి, ఇంటికో పొట్లం కట్టింది. కాకినాడలో రైలెక్కేటప్పుడు మా బట్టలు ఒక చేతిసంచీలో ఉన్నాయి. మిగిలిన సామానంతా జాడీలు, పొట్లాలు, వడియాల డబ్బాలు, ఒక గుమ్మడికాయ.

సికింద్రాబాదు స్టేషన్లో పెద్దమ్మ మరిది వచ్చి మమ్మల్ని దింపుకున్నారు. నేను బాబాయిగారు అనేదాన్ని. ఏదో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, మల్కాజ్‌గిరిలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవారు. ఆయనా, ఆయన భార్య పిన్నిగారూ ఎంత మంచివాళ్ళో చెప్పడానికి మాటలు చాలవు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఇక్కడ లెక్కపెట్టక తప్పడం లేదు.

మొదటి రోజు గడప దాటనివ్వలేదు. రైలు ప్రయాణం చేసి వచ్చారు, పడుకోండి అన్నారు. పడుకోనివ్వలేదు కూడా. వదినగారు వచ్చారని తెలిసి ఆ చుట్టుపక్కలున్న మా వైపు వాళ్ళంతా చూడ్డానికొచ్చారు. వచ్చినవాళ్ళందరికీ కాఫీలు. వెళ్తూ వెళ్తూ ప్రతివాళ్ళూ "రేపు మా ఇంటికి" అన్నారు.

రెండో రోజు బాబాయిగారు ఆఫీసుకి సెలవు పెట్టి మమ్మల్ని గోల్కొండకని బయల్దేరదీశారు. దారిలోనే కదా అని ముందు ఆవకాయ జాడీ ఇచ్చేద్దామని మలక్‌పేట వెళ్ళాం. ఆ ఇంటావిడ తలుపు తీసి, పెద్దమ్మను చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ కూడా పెద్దమ్మ దగ్గర చదువుకున్నదే. అప్పటికప్పుడు మనిషిని పరిగెత్తించి కోడిని కోయించింది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి మూడైంది. అక్కడి నుంచి వనస్థలిపురం. అది గోల్కొండకి సరిగ్గా వ్యతిరేక దిక్కున ఉందని నాకు ఎన్నో ఏళ్ళకి, నేనే హైదరాబాదులో కాపురం పెట్టాక తెలిసింది. నెల తప్పిన కోడలి నెత్తిన చేయి పెట్టి పెద్దమ్మ ప్రార్థన చేసింది. ఆ పిల్ల అత్తగారి ఊరి మనిషిని చూసిన సంతోషంలో బజ్జీలు వేసింది. బస్సులో వెనక్కి వస్తుంటే బాబాయిగారు కిటికీలోంచి చేయి చూపించి, "అదిగోండి వదినగారూ, అటు వెళితే చార్మినారు" అన్నారు. చీకట్లో ఏమీ కనిపించలేదు. పెద్దమ్మ మాత్రం "బాగుందండి" అంది.

మూడో రోజు ఆదివారం. అక్కడి తెలుగు చర్చిలో పాస్టరుగారిది మా రామచంద్రపురం వైపు. కొత్తవాళ్ళని లేచి నిలబడమన్నారు. మేమెవరమో, ఎక్కడినుంచి వచ్చామో చెప్పాక సంఘమంతా మాకోసం ప్రార్థన చేసింది. ప్రయాణాల్లో క్షేమం, ఆరోగ్యం, నా చదువు, చివరికి మా కాలవలో నీళ్ళు. ఆ తర్వాత పాస్టరుగారింట్లో భోజనం. పాస్టరుగారింట్లో భోజనం కాదనగలిగే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు.

ఇలా కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగి తిరిగి సామానంతా ఖాళీ అయింది. దాని బదులు జాకెట్టు ముక్కలు పోగయ్యాయి. నాలుగో రోజు మిగిలింది. ఆ సాయంత్రమే రైలు. మర్నాడు బడి తెరుస్తారు. సర్వీసులో ఎన్నడూ బడి తెరిచే రోజు మానని మనిషి, ఆఖరి ఏడు మానదు. ముందురోజు పడుకోబోయే ముందే పెద్దమ్మ పిన్నిగారితో చెప్పింది.

"రేపు తెల్లారగానే రెండు ఇడ్లీ తిని బయల్దేరిపోతామమ్మా. ఇంకేం పెట్టుకోకు."

"అలాగేనండి అక్కయ్యగారూ" అంది పిన్నిగారు.

తెల్లారి లేచేసరికి ఇల్లంతా మసాలా వాసన. పిన్నిగారు కోడి కూయకముందే లేచి రొయ్యలు వలుస్తూ కూర్చుంది. పొయ్యి మీద పలావుకి నీళ్ళు మరుగుతున్నాయి. ఒక పళ్ళెం నిండా గుత్తి వంకాయలు కోసి పెట్టి ఉన్నాయి.

"ఇదంతా ఏంటమ్మా?" అంది పెద్దమ్మ.

"మరేం లేదండి. సాయంత్రం రైలు కదా. భోజనం లేకుండా పంపించానంటే ఊళ్ళో నా మొహం ఎలా చూపించనండి? ఒక్క గంటలో అయిపోద్ది."

ఒక్క గంటలో అవలేదు. ఒక్క గంటలో అయ్యే వంట మా వైపు వంటే కాదు. పెద్దమ్మ కొంగు బొడ్లో దోపుకుని వెళ్ళి, పని తొందరగా తెమలాలని తనే ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. తరుగుతూ గోడ గడియారం వంక చూసింది. మళ్ళీ చూసింది. బడిలో పరీక్ష రాస్తున్న పిల్లలు అలా చూస్తారు. గుమ్మంలో నిలబడి అది చూసి నాకు ఏడుపొచ్చింది. పిన్నిగారి మీద కోపం కూడా వచ్చింది, కానీ ఆవిడ చెమటలు కారుతూ నవ్వుతోంది. అలాంటి మనిషి మీద కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పై పోర్షన్‌లో ఉన్న పాలకొల్లు వాళ్ళావిడ వీడ్కోలు చెప్పడానికి బొబ్బట్లు పట్టుకుని దిగింది. బాబాయిగారు స్నానం చేసి, బట్టలు వేసుకుని, "నేను రెడీ అండి" అని పేపరు పట్టుకున్నారు.

భోజనాల దగ్గర కూర్చునేసరికి పన్నెండు దాటింది. ఇంకో ముద్ద, ఇంకో రొయ్య, పెరుగు లేకుండా లేస్తారా. ఆ తర్వాత ప్రయాణ ప్రార్థన. ఆ తర్వాత రైల్లోకని మూడు గిన్నెల క్యారియర్ నిండా సర్దడం. మెహిదీపట్నంలో బస్సు మారి, గోల్కొండ గోడలు కనిపించేసరికి పొద్దు బాగా వాలింది.

గోడలు కనిపించగానే పెద్దమ్మ బస్సులో లేచి నిలబడింది. బోలెడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. అయినా కమ్మీ పట్టుకుని, వంగి, కిటికీల్లోంచి ఒకవైపూ మరోవైపూ చూస్తూ నిలబడే వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ మొహం అంత విచ్చుకోగా నేను చూడలేదు.

లోపలికి వెళ్ళాం. గుమ్మటం కింద జనం గుమిగూడి ఉన్నారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మెడ ఎత్తి చూస్తే ఎక్కడో పైన, రాళ్ళ మధ్య, చిన్న మండపంలాంటిది. దాని దగ్గర చీమల్లా మనుషులు. బాబాయిగారు వాచీ చూసుకున్నారు. క్యారియర్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని మళ్ళీ చూసుకున్నారు.

"వదినగారూ, ఎక్కాలంటే అరగంట పడుతుందండి. దిగాలి. మళ్ళీ సికింద్రాబాదు వెళ్ళాలి. దారిలో బస్సు మారాలి." ఆయన గొంతు తగ్గిపోయింది. "రైలు తప్పిపోద్దండి."

పెద్దమ్మ పైకి చూస్తూ ఉండిపోయింది. నేను ఆగలేకపోయాను.

"పెద్దమ్మా, నేను పరిగెత్తి ఎక్కనా? నువ్వు ఇక్కడి నుంచి కొట్టు, నేను విని వచ్చి చెబుతాను."

"నువ్వు వింటే నేను విన్నట్టా?" అంది.

కోపంగా అనలేదు. లెక్క తప్పు చేసిన పిల్లకి చెప్పినట్టు అంది. తర్వాత చేతిసంచీ నాకిచ్చి, జనం కాస్త పక్కకి తప్పుకునేదాకా ఆగి, గుమ్మటం నడిమధ్యకెళ్ళి నిలబడింది. బోర్డు ముందు చరిచినట్టే రెండు చేతులూ ఒక్కసారి చరిచింది. ఆ చప్పుడు గుమ్మటంలో గిరగిరా తిరిగింది. పైన ఎవరో చీరకొంగో, తువ్వాలో ఊపారు. మాకు కాదు, వాళ్ళ మనుషులకి అయ్యుంటుంది.

"వినిపించే ఉంటుందండి" అన్నారు బాబాయిగారు.

"ఎవరికో" అంది పెద్దమ్మ.

రైల్లో క్యారియర్ విప్పేసరికి పలావు ఇంకా గోరువెచ్చగా ఉంది. నాకు సయించలేదు. పెద్దమ్మ మాత్రం మెతుకు వదలకుండా తింది. "ఆవిడ ఎంత కష్టపడి చేసిందో చూశావుగా. పారేస్తే పాపం" అంది. ఆ మర్యాదే మనల్ని ముంచిందని నేను అనబోయి మానుకున్నాను.

మర్నాడు బడిలో, హాజరు కూడా పిలవకముందే ఆ పిల్ల లేచిందట.

"విన్నారా టీచర్?"

"లేదమ్మా. చప్పట్లు కొట్టి వచ్చాను. పైకెక్కడానికి టైము చాల్లేదు."

"ఏం చేశారండి మరి?"

"భోజనాలు చేశాను."

క్లాసంతా నవ్విందట. అప్పుడు మాత్రం తనూ నవ్వానని చెప్పింది. పేజీ తిప్పించి పాఠం చెప్పింది. చివర్లో, "మీలో ఎవరు ముందు వెళితే వాళ్ళు పైకెక్కి, విని వచ్చి నాకు చెప్పండి" అంది. ఆ వేసవిలో రిటైరైంది. దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు.

మళ్ళీ వెళ్ళొచ్చు కదా అని ఎవరైనా అనుకోవచ్చు. నేనూ అన్నాను, ఏడాదికోసారి. ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే. "వెళితే మళ్ళీ వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళాలే. ఒకరింటికి వెళ్ళి ఇంకొకరింటికి వెళ్ళకపోతే మాటొస్తుంది. ఇప్పుడింకా ఎక్కువమంది ఉన్నారక్కడ." అది నిజమే. ఏడాదికేడాది మా ఊరు కొంచెం కొంచెంగా హైదరాబాదుకి తరలిపోతోంది. పెద్దమ్మకీ గోల్కొండకీ మధ్య కొత్త ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి. ఎవరింటికీ వెళ్ళకుండా కోట ఒక్కటే చూసి రావచ్చన్న ఆలోచన ఆవిడకి రాలేదు. చెబితే, "ఛ, మనుషులుండగా రాళ్ళని చూసి వస్తామా" అంది.

ఈలోగా పాత పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళొచ్చారు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినవాడు, కొత్తగా పెళ్ళయి వెళ్ళినది. ఊరొచ్చినప్పుడు ఆవిడ అరుగు దగ్గరాగి, "టీచర్, పైకెక్కి విన్నామండి. నిజంగా వినిపిస్తది" అనేవాళ్ళు. పెద్దమ్మ కుర్చీలో ముందుకి జరిగేది.

"ఎలా వినిపించింది?"

"చప్పట్లలాగే ఉందండి" అనేవాళ్ళు.

"అంతేనా?" అనేది. వాళ్ళు వెళ్ళాక నా వంక తిరిగి, "నాలుగో తరగతిలో వర్ణన రాయించడం సరిగ్గా నేర్పలేదు నేను" అనేది.

వినికిడి ఎప్పుడు తగ్గడం మొదలైందో మాకు తెలియలేదు. అది చెప్పి వచ్చే జబ్బు కాదు. ముందు చర్చిలో రెండో వరస నుంచి మొదటి వరసకి మారింది. తర్వాత ఫోన్లో ప్రతి మాటకీ "ఆఁ?" అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని ఉండగానే వెనక నుంచి సైకిల్ బెల్ కొట్టినా తిరిగి చూసేది కాదు. కాకినాడ తీసుకెళ్ళి చెవికి మిషన్ పెట్టిస్తే నెల తిరక్కుండా డబ్బాలో పెట్టేసింది. "ఇందులో ఫ్యాను తిరిగిన చప్పుడు తప్ప ఏమీ లేదే" అంది. పాము చెవుల మనిషి చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది. అప్పుడు నాకు భయమేసింది. గోల్కొండ గుర్తొచ్చింది.

అప్పటికి నాకు పెళ్ళయి, మేమూ హైదరాబాదు చేరాం. ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, అంతా కాలలేదని ఆశ. పెద్దమ్మను దాదాపు దొంగతనంగా తీసుకొచ్చాను. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి అసలే చెప్పలేదు. "ఎవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పను" అంది. "ఎవరూ అడగరు" అన్నాను. పొట్లాలు వద్దంటే, అల్లుడుగారికని ఒక్కటి మాత్రం సంచీ అడుగున దాచుకుని తెచ్చింది.

మర్నాడు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పంతం పట్టినట్టే వెలిగించలేదు. మా ఆయన వెళ్ళి ఇడ్లీ పొట్లాలు తెచ్చారు. "అల్లుడుగారి చేత టిఫిను తెప్పిస్తావా? సిగ్గులేదూ?" అని పెద్దమ్మ నన్ను తిడుతూనే తింది. కోట తలుపులు తీసే వేళకి మేం గుమ్మం ముందున్నాం.

మా ఆయన కింద గుమ్మటం దగ్గర ఉండిపోయారు. నేను, పెద్దమ్మ ఎక్కడం మొదలుపెట్టాం. నాలుగు మెట్లెక్కితే కూర్చునేది. చెప్పులు నా చేతికిచ్చేసింది. మోకాళ్ళు పట్టుకుని, "అప్పుడైతే పరిగెత్తి ఎక్కేదాన్నే" అంది. నాకు తెలుసు. ఆ సాయంత్రం బస్సులో లేచి నిలబడ్డ మనిషిని నేను చూశాను. స్కూలు పిల్లల గుంపొకటి మమ్మల్ని దాటుకుంటూ పైకి పోయింది. మేం పైకి చేరేసరికి వాళ్ళు దిగడం కూడా మొదలుపెట్టారు.

పైన గాలి బాగా కొడుతోంది. దూరంగా ఊరంతా కనిపిస్తోంది. పెద్దమ్మ అటు చూడలేదు. మండపం అంచున నిలబడి, కాస్త బాగా వినిపించే కుడి చెవి కిందివైపు తిప్పి, ఆ చెవి మీది జుట్టు వెనక్కి తోసుకుంది. నేను సెల్‌ఫోన్ తీసి, "కొట్టండి" అన్నాను.

వినిపించింది. అంత స్పష్టంగా వినిపిస్తుందని నేను అనుకోలేదు. అంత దూరం నుంచి, పక్కనే ఎవరో చరిచినట్టు. పెద్దమ్మ వైపు తిరిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని, చెవి అలాగే పెట్టుకుని ఉంది.

"ఇంకా కొట్టలేదా?" అంది.

ఫోన్లో ఇంకోసారి కొట్టమన్నాను. మళ్ళీ వినిపించింది. పెద్దమ్మ చెయ్యి దొన్నెలా చేసి చెవి వెనక పెట్టుకుంది. "కాస్త గట్టిగా కొట్టమను" అంది. ఆయన గట్టిగా కొట్టారు. ఆగకుండా కొట్టారు. కింద ఇంకెవరో కూడా కలిసి కొట్టినట్టున్నారు, చప్పట్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. పెద్దమ్మ కళ్ళు తెరిచి నా మొహం వంక చూసింది. నా మొహంలో అంతా తెలిసిపోయి ఉంటుంది. మొహాలు చదవడం ఆవిడ వృత్తి.

"నీకు వినిపిస్తోందా?"

తలూపాను.

"ఎలా ఉంది?"

అన్నేళ్ళుగా ఆవిడ అందరినీ అడిగిన ప్రశ్న. ఎవరూ సరిగ్గా చెప్పలేని జవాబు. నేను వంగి, ఆవిడ చెవిలో గట్టిగా చెప్పాను. "అచ్చం నువ్వు బోర్డు దగ్గర కొట్టినట్టే ఉంది పెద్దమ్మా. క్లాసు నోరు మూసుకునేలా." పక్కనున్నవాళ్ళు మా వైపు తిరిగి చూశారు. పెద్దమ్మకి ఆ మాట వినిపించింది. చెవి వెనక పెట్టుకున్న చెయ్యి దించేసింది.

"సర్లే" అంది. "నువ్వు విన్నావుగా."

ఆ మొదటిసారి కింద గుమ్మటం దగ్గర తను అన్న మాట ఆవిడకి గుర్తుందో లేదో నేనడగలేదు. చప్పట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. పెద్దమ్మ నా చేతిలోని ఫోన్ వైపు చూపించింది.

"ఇంక చాలని చెప్పవే. పాపం, అల్లుడుగారి చేతులు మండిపోతుంటాయి."